దేవుడు జవాబా? ప్రశ్నా?



పోయిన వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చున్నాం. పదో తరగతి తమ్ముడొకడు దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి అడిగాడు: "అన్నా, మీరు ఎం.ఏ.లో ఫిలాసఫీ చదువుతున్నారంట గదా. దేవుడున్నాడా, లేడా? ఒక్క మాటలో చెప్పండి."

మేము నవ్వేశాం. "ఒక్క మాటలో తేలేదైతే రెండేళ్ళ కోర్సు ఎందుకురా" అన్నాం. వాడు నవ్వలేదు. ఎందుకు అడిగాడో తర్వాత తెలిసింది. పది పాసయ్యాక చదువు మానిపించి మిర్చి యార్డులో కమీషన్ కొట్లో పనికి పెడతామని ఇంట్లో అనుకుంటున్నారట. "మన నొసటన దేవుడు ఇంతే రాశాడు. ఆయన రాసింది మనం చెరుపుతామా" అన్నాడట వాళ్ళ నాన్న. నిజంగా దేవుడే రాసి ఉంటే ఇక చేసేదేమీ లేదు. రాయలేదంటే ఎవరో ఒకరితో మాట్లాడాలి, ఏదో ఒక ప్రయత్నం చెయ్యాలి. ఆ పిల్లవాడికి ఆ రాత్రి తేల్చుకోవలసింది అదీ.

అప్పుడు సరిగా చెప్పలేకపోయిన జవాబును ఈ సంచికలో రాస్తున్నాం.

రెండంకెల కథ

నొసటి రాత మాట మాకు కొత్త కాదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట వచ్చింది మాకే. మా నాన్నకు సంతకం వచ్చు, అమ్మకు వేలిముద్రే. ఇంటర్ రెండో సంవత్సరంలో మాకు స్కాలర్‌షిప్పు రాలేదు. తోటివాళ్ళందరికీ వచ్చింది. కాలేజీలో ఫీజు కట్టమని అడుగుతున్నారు. "మనకు దేవుడి దయ లేదు" అన్నాడు నాన్న. అమ్మ ముత్యాలమ్మకు మొక్కుకుంది. మేమూ అలాగే నమ్మి మూడు నెలలు ఊరకే కూర్చున్నాం. పై క్లాసు అన్న ఒకాయన మమ్మల్ని ఆఫీసుకు తీసుకుపోయి కంప్యూటర్లో చూపించమని అడిగాడు. చూస్తే బ్యాంకు అకౌంటు నంబరులో రెండంకెలు అటూ ఇటూ అయ్యాయి. తప్పు మాదో, టైపు చేసినవాళ్ళదో తెలియదు. సరిచెయ్యడానికి పది నిమిషాలు పట్టింది.

డబ్బు పడింది. అమ్మ మొక్కు తీర్చింది. "ఆ అన్నను దేవుడే పంపాడు" అంది. మేము కాదనలేదు, ఇప్పుడూ కాదనం. కాని ఒక ఆలోచన మాత్రం మనసులో నిలిచిపోయింది. డబ్బు రానప్పుడూ దేవుడే కారణం, వచ్చినప్పుడూ దేవుడే కారణం. ఏది జరిగినా ఒకే కారణం చెప్పేటట్టయితే, ఇదే ఎందుకు జరిగింది, అది ఎందుకు జరగలేదు అన్నదానికి ఆ కారణం ఏం చెప్పినట్టు? రెండంకెలు తారుమారయ్యాయన్న మాట అలాంటిది కాదు. అంకెలు సరిగా ఉంటే డబ్బు రావాలి, తప్పుగా ఉంటే రాకూడదు. ఆ మాట తప్పని తేలడానికి కూడా వీలుంది. అందుకే అది పనికొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చెయ్యాలి. దేవుణ్ణి నమ్మాలా వద్దా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. మన గదుల్లోనే ఒక పెట్టె మీద ఆంజనేయస్వామి బొమ్మ ఉంటుంది, పక్క పెట్టెలో బైబిలు ఉంటుంది, మూలన నమాజు చాప ఉంటుంది. అన్నిటినీ గౌరవిస్తాం. మా ప్రశ్న ఒక్కటే. ఈ లోకం అసలు ఏమిటి, ఇలా ఎందుకు ఉంది అని ఆలోచించేటప్పుడు 'దేవుడు' అనే భావన చేసే పని ఏమిటి? ఆ ఆలోచనలో దానికి చోటుందా?

మన దేశంలోనే జరిగిన వాదం

భారతీయ తత్వశాస్త్రమంటే అంతా దైవభక్తే అని చాలామంది అనుకుంటారు. ఎం.ఏ.లో చేరే దాకా మేమూ అలాగే అనుకున్నాం. పుస్తకాలు తెరిచాక ఆశ్చర్యపోయాం. చార్వాకులు, బౌద్ధులు, జైనులు సృష్టికర్తను ఒప్పుకోలేదు. వాళ్ళను నాస్తికులన్నారు కాబట్టి అందులో వింత లేదనుకుందాం. వేదాన్ని ప్రమాణంగా తీసుకునే ఆరు దర్శనాల మాటేమిటి? ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో 25 తత్వాలున్నాయి, వాటిలో ఈశ్వరుడు లేడు. తెలివిలేని ప్రకృతి తనంతట తాను ఎలా పనిచేస్తుందని అడిగితే, ఆవు పొదుగులో పాలు దూడ కోసం స్రవించడం లేదా, పాలకు ఏం తెలుసు అని జవాబిచ్చాడు. యోగసూత్రాల్లో ఈశ్వరుడున్నాడు గాని లోకాన్ని చేసినవాడుగా కాదు.

అన్నిటికంటే విచిత్రం మీమాంస. యజ్ఞాలు చెయ్యాలని గట్టిగా చెప్పే దర్శనం అది. దాని మహాపండితుడు, 7వ శతాబ్దపు కుమారిలభట్టు సృష్టికర్త వాదాన్ని శ్లోకవార్తికంలో ముక్కలు చేశాడు. సృష్టికి ముందు దేహమే లేనివాడికి చెయ్యాలన్న కోరిక ఎలా కలిగింది? దయతో సృష్టించాడంటే, ఇంకా ప్రాణులే లేనప్పుడు దయ ఎవరి మీద? దయే కారణమైతే సుఖమే సృష్టించాలి గదా, ఇంత దుఃఖం ఎందుకు? ఇవి ఏ నాస్తికుడో వేసిన ప్రశ్నలు కావు, వేదాన్ని నెత్తిన పెట్టుకున్న పండితుడు వేసినవి.

దేవుడి పక్షాన బలంగా వాదించినవాళ్ళు నైయాయికులు. వాళ్ళ వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నాడు. భూమి, కొండలు కూడా భాగాలు కూడి ఏర్పడినవే, కాబట్టి వాటికీ తెలివిగల కర్త ఒకడుండాలి. 10, 11 శతాబ్దాల నాటి ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టాడు. అయితే అంతకు ముందే బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ పద్ధతి వాదానికి ఒక చిక్కు చూపించాడు. పుట్ట కూడా మట్టితో చేసిందే గదా, అయితే పుట్టను కూడా కుమ్మరే చేశాడందామా?

ఊళ్ళో పెరిగిన మనకు ఈ ఉదాహరణ ఇట్టే అర్థమవుతుంది. కుండను కుమ్మరి చేశాడని మనం చెప్పగలగడానికి కారణం కుమ్మరి సారె తిప్పడం చూసి ఉండటం. పుట్టను చెదలు పెట్టడం కూడా చూశాం. రెండూ మట్టివే అయినా కర్తలు వేరు. లోకాన్ని చేస్తుండగా చూసినవాడు ఎవడూ లేడు, పోల్చుకోవడానికి ఇంకో లోకం లేదు. అలాంటప్పుడు కుండ పోలిక కొండ దాకా సాగుతుందా? ఇంకా ఆలోచిస్తే, కుమ్మరి ఒక్కడితో కుండ కాదు. మట్టి తవ్వేవాళ్ళు, నీళ్ళు, కట్టెలు, ఆవం అన్నీ ఉండాలి. ఏ వస్తువూ ఒక్క కారణంతో పుట్టదు, అనేక కారణాలు కలిస్తేనే ఏదైనా ఏర్పడుతుందన్నది బౌద్ధుల మాట. సంప్రదాయం మన నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ఈ ఆలోచనను లోతుగా విచారించాడు. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. 1954 నుంచి తవ్వి తీసిన శిల్పాలు ద్వీపం మీది మ్యూజియంలో ఉన్నాయి. సాగర్ ఎక్స్‌కర్షన్‌కు వెళ్ళే తమ్ముళ్ళు డ్యామ్ దగ్గర ఫోటోలతో సరిపెట్టకుండా లాంచీ ఎక్కి అది కూడా చూసి రండి.

ఈ వాదాల్లో ఎవరు గెలిచారన్నది అలా ఉంచుదాం. మన దేశంలో వెయ్యేళ్ళకు పైగా దేవుడి భావనను ఆధారాలతో పరీక్షకు పెట్టారు. దేవుణ్ణి ప్రశ్నించడం పడమటి దేశాల నుంచి దిగుమతి అయిందనే మాట చరిత్రకు నిలవదు.

మన ప్రశ్న

ఈ వాదంలో మనకు, అంటే మన వాడల నుంచి వచ్చినవాళ్ళకు, అతి ముఖ్యమైన ఘట్టం బ్రహ్మసూత్రాల్లో ఉంది. రెండో అధ్యాయం, మొదటి పాదం, 34వ సూత్రం. అక్కడి ప్రశ్న ఇది. లోకంలో ఒకడు సుఖంలో, ఒకడు కష్టంలో పుడుతున్నాడు. దీన్ని చేసినవాడు దేవుడైతే ఆయన పక్షపాతి, నిర్దయుడు కావాలి గదా? శంకరాచార్యుడి భాష్యం చెప్పే జవాబు: దేవుడు వాన వంటివాడు. వాన అందరికీ ఒకటే, వడ్లు వేసినచోట వరి, యవలు వేసినచోట యవలు మొలుస్తాయి. ఆ తేడా విత్తనానిది. అలాగే మనుషుల తేడా వాళ్ళ పూర్వకర్మది. మరి మొట్టమొదటి తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, సంసారానికి మొదలే లేదు.

తెలివైన జవాబే. కాని నిదానంగా చూడండి. తేడా అంతా విత్తనానిదే అయితే, మాలపల్లిలో పుట్టినవాడికీ మేడలో పుట్టినవాడికీ మధ్య తేడాను వివరించడానికి దేవుడు అక్కరలేదు. ఇక కర్మ అన్నారా, అది ఎవరికీ గుర్తులేని జన్మలో చేసింది. అవునని రుజువు చెయ్యలేం, కాదని రుజువు చెయ్యలేం. మొదలు చెప్పమంటే మొదలే లేదన్నారు. అంటే ప్రతి జన్మా తన జవాబును వెనక జన్మకు నెట్టేస్తుంది. ఈలోగా కళ్ళ ముందున్న కారణాలు మరుగున పడిపోతాయి. భూమి ఎవరి పేరున ఉంది? బడిలోకి ఎవరిని రానిచ్చారు? కూలి ఎవరు నిర్ణయించారు? ఇవన్నీ విచారిస్తే తేలే సంగతులు.

అవే బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయం మూడో పాదంలో 34 నుంచి 38 దాకా సూత్రాలున్నాయి. శూద్రుడికి వేదవిద్యకు అధికారం లేదని శంకరుడు, రామానుజుడు ఇద్దరూ వాటికి అర్థం చెప్పారు. ఉన్నదంతా ఒకే బ్రహ్మమని చెప్పిన శంకరుడి భాష్యంలోనే, ఆ సంగతి వినడానికి కొందరికి అర్హత లేదని కూడా ఉంది. పరమసత్యం గురించిన సిద్ధాంతం ఎంత ఎత్తున ఉన్నా, అది నేల మీద ఎవరికి తలుపు మూస్తుందో చూడటం కూడా తత్వశాస్త్రం పనే అని ఆ పేజీ చదివిన రోజున మాకు అనిపించింది. శూద్రుడికే లేదంటే ఇక మన లెక్క ఎక్కడ? లైబ్రరీలో ఆ పుస్తకం మా పేరున కార్డు మీద తెచ్చుకుని చదివాం. ఆ కార్డు కోసం ఎంతమంది పోరాడారో తలుచుకున్నాం.

1941లో జాషువా 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో కాశీలోని శివుడికి తన బాధ చెప్పి పంపుతాడు. జాషువా దేవుడు లేడనలేదు. దేవుణ్ణి జవాబు చెప్పవలసిన స్థానంలో నిలబెట్టాడు. అంబేద్కర్ ఇంకో దారిన వెళ్ళాడు. శాస్త్రాలు పవిత్రమన్న నమ్మకమే కులాన్ని నిలబెడుతోందని 1936లో 'కులనిర్మూలన'లో వాదించాడు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో, ఈశ్వరుడి మీద నమ్మకం ధమ్మంలో భాగం కాదని చెప్పడానికి ఒక ప్రకరణమే కేటాయించాడు. మనిషికీ మనిషికీ మధ్య ఉండవలసిన సంబంధమే ఆయన దృష్టిలో ధమ్మానికి కేంద్రం.

రెండోవైపు కూడా చెప్పాలి. చోఖామేళా మహర్ కులస్థుడు, పండరిపురం గుడిలోకి రానివ్వలేదు. రవిదాసు చెప్పులు కుట్టుకుని బతికినవాడు. వాళ్ళకు దేవుడు పూజారి కంటే పైన ఉన్న న్యాయస్థానం. కాబట్టి దేవుడనే భావన ఎప్పుడూ బానిసత్వమే నేర్పిందనడం తొందరపాటు. ఆ భావనను ఎవరు, దేనికి వాడుతున్నారన్నది ప్రతిసారీ చూడవలసిందే.

సైన్సు సంగతి

పడమటి దేశాల్లోనూ ఇదే చర్చ నడిచింది. గ్రహాలు ఒకదాన్నొకటి లాక్కోవడం వల్ల కాలక్రమంలో వాటి గతులు చెడతాయనీ, అప్పుడు దేవుడు సరిచెయ్యాలనీ న్యూటన్ భావించాడు. మాటిమాటికీ మరమ్మతు చెయ్యవలసిన గడియారం చేసినవాడు ఏం పనివాడని లైబ్నిజ్ 1715లో ఎగతాళి చేశాడు. గురు, శని గ్రహాల గతుల్లో కనబడే తేడా సుమారు 900 ఏళ్ళకు తిరిగి మొదటికి వస్తుందని 1780ల్లో లాప్లాస్ లెక్కగట్టి చూపించాడు. లెక్క తేలాక ఆ మరమ్మతు అవసరం తీరిపోయింది.

మన ఇళ్ళలో జరిగిందీ ఇదే. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అనేవాళ్ళు. టీకాలతో, ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తల శ్రమతో 1975 తర్వాత మన దేశంలో మశూచి లేకుండా పోయింది. ప్రపంచమంతటా పోయిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మా నాయనమ్మ ముఖం మీద ఆ మచ్చలుండేవి. ఆమె చివరిదాకా అమ్మవారికి బోనం పెట్టింది. పిల్లలకు టీకాలు కూడా దగ్గరుండి వేయించింది. పుస్తకాల్లో లేని వివేకం అది.

తెలియనిచోటల్లా దేవుణ్ణి పెడితే, తెలిసిన కొద్దీ దేవుడు వెనక్కి జరగవలసి వస్తుంది. ఈ ప్రమాదాన్ని బాగా గుర్తించినవాడు ఒక మతగురువే. విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ 12వ పయస్ ఈ విశ్వారంభ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే లెమైత్ర్‌కు నచ్చలేదు. తన సిద్ధాంతం మత విషయాలకు బయటిదని, ఆస్తికుడూ నాస్తికుడూ ఇద్దరూ దాన్ని పరిశీలించవచ్చని ఆయన పట్టు. ప్రార్థన వేరు, సమీకరణం వేరు అని తెలిసినవాడు.

మరి మిగిలిందేమిటి?

ఇంత చెప్పాక దేవుణ్ణి తత్వశాస్త్రం నుంచి పంపేద్దామా? మా అభిప్రాయం అది కాదు. ఎన్ని లెక్కలు తేలినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఏమీ లేకుండా ఉండవచ్చు గదా, అసలు ఏదో ఒకటి ఎందుకు ఉంది? 1714లో లైబ్నిజ్ ఈ ప్రశ్న వేసి, దానికి దేవుడే జవాబన్నాడు. ఆ జవాబు మాకు సరిపోలేదు. మరి దేవుడు ఎందుకున్నాడు అని వెంటనే అడగబుద్ధి అవుతుంది. ఆయన స్వయంభువు అంటే, లోకమే స్వయంభువని ఎందుకు అనకూడదు? అయినా ప్రశ్న మాత్రం గొప్పది. దాన్ని అడగనివ్వకపోవడం కూడా మూఢత్వమే.

జర్మనీలో తోలుతో గుర్రపు జీనులు, పట్టెడలు కుట్టే ఇంట పుట్టిన కాంట్, 1781లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. దేవుడున్నాడని తర్కంతో రుజువు చెయ్యలేం, లేడని కూడా చెయ్యలేం అన్నాడు. అయితే నీతిగా బతకడానికి ఆ భావనకు ఒక చోటు ఉంచాడు. ఆ చోటు ఎంతవరకు అవసరమో అన్నది వేరే చర్చ. దేవుడు లేకుండా మనిషి నీతిగా ఉండలేడన్న మాట మాత్రం మేము ఒప్పుకోం. మన తెలుగునాట నాస్తిక కేంద్రం పెట్టిన గోరానే చూడండి. 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకు మారిన ఆ కేంద్రం, అంటరానితనం పోవాలని సహపంక్తి భోజనాలు పెట్టింది. దేవుణ్ణి నమ్మని మనిషి మన పక్కన కూర్చుని తిన్నాడు. నమ్మేవాళ్ళెందరో మన నీడ తగిలితే స్నానం చేశారు.

కాబట్టి మా అభిప్రాయం ఇదీ. సత్యాన్ని విచారించే సభలో దేవుడి భావనకు చోటు ఉండాలి, కాని ఆ చోటు సాక్షి బోనులో. సాక్షిని ప్రశ్నిస్తారు, చెప్పింది సరిచూస్తారు, నిలబడితే నమ్ముతారు. తీర్పరి కుర్చీలో కూర్చోబెడితే మాత్రం ఇక విచారణే ఉండదు. 'దేవుడు' అన్న మాటతో ఆలోచన మొదలైతే మంచిదే. ఆ మాటతో ఆలోచన ఆగిపోతున్నచోట మనం జాగ్రత్తపడాలి. ముఖ్యంగా ఆ మాటను మన మీద వాడుతున్నప్పుడు. ఈ అభిప్రాయంతో ఏకీభవించనివాళ్ళు వచ్చే సంచికలో తప్పక రాయండి. మేము తప్పని చూపిస్తే సంతోషంగా ఒప్పుకుంటాం.

చివరగా ఆ తమ్ముడి సంగతి. పది ఫలితాలు వచ్చిన వారంలో, వాళ్ళ లెక్కల మాస్టారితో కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళ నాన్నతో దేవుడి గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఒక తెల్లకాగితం తీసుకుని లెక్క రాశాం. గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వస్తే భోజనం, వసతి, పుస్తకాలు ఉచితం. ఇంటి నుంచి అయ్యే ఖర్చు ఇంత. కొట్లో పనికి వెళితే నెలకు వచ్చేది ఇంత. రెండేళ్ళు ఆ డబ్బు రాకపోతే ఇల్లు గడుస్తుందా? ఆయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. చిట్టి డబ్బుల సంగతి, పెద్దమ్మాయి పెళ్ళి అప్పు సంగతి చెప్పాడు. అప్పుడు అర్థమైంది, నొసటి రాత అని ఆయన అన్నది ఆ అప్పునే అని. అప్పని చెప్పుకోలేక దేవుడి పేరు చెప్పాడు.

వాడు ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో కొట్లో పనిచేసి ఇంటికి కొంత ఇస్తున్నాడు. ఆ రోజు మేము బయలుదేరుతుంటే వాళ్ళ నాన్న చేతులు పట్టుకుని "దేవుడే మిమ్మల్ని పంపించాడు సారూ" అన్నాడు. మేము వాదించలేదు. బస్సు దాకా సాగనంపడానికి వచ్చిన తమ్ముడితో మాత్రం ఒక మాట చెప్పాం.

"ఒరే, అప్లికేషన్లో అకౌంటు నంబరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకో."